బట్టీ మీదుగా వీధి

ఆ ఏడు కోతలు మొదలైన వారానికి మా ఊరికి వీధులు వచ్చాయి.

అంతకుముందు మాకు వీధులనేవి లేవు. వాగు మీద రేవు ఉండేది. రేవు దాటిన ఎడ్లబండ్లు కొండెక్కిపోయే బాట ఒకటి ఉండేది. ఆ బాటకు అటూ ఇటూ ఎవరికి తోచిన చోట వాళ్ళు వేసుకున్న ఇరవై మూడు ఇళ్ళు ఉండేవి. ఒకరి గుమ్మం వాగుకేసి, ఇంకొకరిది కొండకేసి. కమ్మరి గాంట్ ఇల్లయితే ఊరందరికీ వీపు పెట్టి తన కొలిమికేసే చూస్తూ ఉండేది. సిడ్నీ నుంచి నీలి కొండలు దాటి ఎద్దుబండి మీద పదహారు రోజులు వస్తే మా ఊరు తగిలేది. దానికి సరైన పేరు కూడా లేదు. అందరూ రేవు అనేవాళ్ళు. తరవాత మ్యాపులో ఎవరో ప్రభువు పేరు పెట్టారు. ఆ ప్రభువు ఇటు ఎన్నడూ రాలేదు. ఆ పేరు నా తరం వాళ్ళ నోటికీ రాలేదు.

నాకప్పుడు పదిహేడేళ్ళు. ఇంట్లో అమ్మ, నేను. నాన్న ఏబెల్ క్రాడాక్ రెండు శీతాకాలాల కిందట చెట్టు కొడుతుంటే అది తిరిగి ఆయన మీదే పడింది. ఆయన చేత్తో కట్టిన ఇల్లు మాత్రం మాకు మిగిలింది.

మొద్దులను పలకలుగా చీల్చి నిలువునా పక్కపక్కనే నాటితే అవే గోడలు. సందుల్లో మట్టి, గుడ్డపేలికలు కూరేవాళ్ళం. ఎండాకాలం వచ్చేసరికి చెక్క ఎండి కుంచించుకుపోయి ఆ మట్టి కాస్తా రాలిపోయేది. మంచం మీద పడుకునే బయట ఎవరు పోతున్నారో చూడొచ్చు. పైకప్పు చెట్టు బెరడు. మనిషంత పొడుగు పట్టలుగా ఒలిచి, ఆరబెట్టి పరిచి, గాలికి లేవకుండా వాసాలు అడ్డం వేసి, పచ్చితోలు తాళ్ళతో బిగించేవాళ్ళు. దాని మీద పడిన వాన చప్పుడుకి కమ్మగా నిద్ర పట్టేది. ఇప్పుడు ఇనపరేకుల కింద వాన కురిస్తే ఒకరి మాట ఒకరికి వినపడదు. కిటికీలకు అద్దాల్లేవు, పిండి సంచులే. వాటి మీద మిల్లువాళ్ళ అక్షరాలు అచ్చేసి ఉండేవి. పొద్దున ఎండ తగలగానే ఆ అక్షరాలు తిరగబడి నేల మీద పడేవి. నా చదువంతా అక్కడే. అందుకే పెద్దదాన్నయ్యాక కూడా కొన్ని అక్షరాలు తిరగేసి రాసేదాన్ని.

ఇంటి వెనక గోడకు ఆనుకుని రొట్టెల బట్టీ. నాన్న వాగులో రాళ్ళు ఏరి, బంకమట్టితో పేర్చి, గుమ్మటంలా మూశాడు. అమ్మ సోమవారం, గురువారం కాల్చేది. ఆ రెండు రోజులూ ఊళ్ళో ఎవరూ గడియారం కోసం చూసేవాళ్ళు కారు. వాసన కొండ మీదికి పాకితే పొలాల్లో కొడవళ్ళు ఆగిపోయేవి.

సర్వేయరు పెల్ దొర నలుగురు మనుషులతో, మూడు కాళ్ళ దుర్భిణితో, ఇనప గొలుసుతో దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన ముక్కుతో ఉండేవాడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాడు. రేవు దగ్గర నిలబడి దుర్భిణిలోంచి కొండ మీద ఒక చెట్టును చూశాడు. ఆ చెట్టుకూ తనకూ మధ్య గీత గీసినట్టు అంకెలు చెక్కిన కర్ర గూటాలు నేలలోకి దింపించుకుంటూ వచ్చాడు. మూడోరోజు ఆ గీత మా ఇంటికొచ్చింది.

అమ్మ పిండి పిసుకుతోంది. దొర టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"రొట్టెలావిడా, ఒకసారి లోపలికి రావాలి."

"రండి. కాళ్ళు దులుపుకుని రండి."

నిజంగానే దులుపుకుని వచ్చాడు. ఆయన వెనకే గొలుసు పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. థాడీ క్విల్టీ అని, నలభై ఏళ్ళ ఐర్లండు వాడు, శిక్ష ఇంకా తీరని ఖైదీ. బయట పనిచేసుకోవచ్చని సర్కారు ఇచ్చిన టికెట్టు మీద బతుకుతున్నాడు. మా అమ్మదీ అలాంటి టికెట్టే. గొలుసు మా పొయ్యి ముందు నుంచి పోయి వెనక గోడకు తగిలింది. గోడ అవతల బట్టీ. క్విల్టీ ఒక గూటం తీసి, అమ్మ నున్నగా అలికిన పుట్టమన్ను నేల మీద పెట్టి, సుత్తి ఎత్తి, అమ్మ ముఖం చూసి ఆగాడు.

"కొట్టు," అన్నాడు దొర.

కొట్టాడు. అది మా నట్టింట్లో దిగింది.

"వీధి ఇటుగా పోతుంది," అన్నాడు దొర. "అరవై ఆరు అడుగుల వెడల్పు. కోతలు అయిపోయేలోగా ఇల్లు తీసెయ్యాలి. పైన వేరే జాగా ఇస్తారు."

"వీధి కాస్త పక్కగా పోతే ఏం?"

"వీధులు పక్కగా పోవు."

"దొరగారూ," అంది అమ్మ, చేతులకు అంటిన పిండి రాలుస్తూ. "మా ఊళ్ళోంచి జైలుకు పొమ్మన్నారు, పోయాను. జైల్లోంచి ఓడెక్కమన్నారు, ఎక్కాను. ఓడ దిగి ఆడఖైదీల ఫ్యాక్టరీకి పొమ్మన్నారు. ఫ్యాక్టరీలోంచి ఎవరి పొలానికో పొమ్మన్నారు. ఇన్నేళ్ళ బతుకులో నా అంతట నేను ఆగింది ఇక్కడొక్కచోటే. ఇక్కడి నుంచి నన్ను కదపడం మీ తరం కాదు."

ఊరంతా గుమ్మం బయట నిలబడి వింటున్నారు. టికెట్టు మనిషి అలా మాట్లాడకూడదు. దొర టోపీ పెట్టుకుని, "కోతలయ్యే లోపల," అని మళ్ళీ ఒకసారి చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ గూటాన్ని అమ్మ ముట్టుకోలేదు. దాని చుట్టూ ఊడ్చేది. చుట్టూ తిరిగి వండేది. రెండో రోజు నుంచి దాని మీద తడిగుడ్డ ఆరేయడం మొదలుపెట్టింది. వాగు అవతల గుడిసెల్లో, మాకంటే ఎంతో ముందు నుంచీ ఉంటున్న ఆ నేల మనుషుల్లో ఒక ముసలావిడ వారానికోసారి చేపలు తెచ్చి రొట్టె పట్టుకెళ్ళేది. మా వాళ్ళు ఆవిణ్ణి నాన్ అని పిలిచేవాళ్ళు. అసలు పేరు ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆవిడ మా గూటాన్ని చూసి చాలాసేపు నవ్వింది.

"ఇంట్లో చెట్టు మొలిచిందా?" అంది, తనకొచ్చిన నాలుగు మాటల్లో.

"మొలిచింది. నీళ్ళు పోస్తున్నా," అంది అమ్మ.

క్విల్టీ మాత్రం దొర వాళ్ళ రొట్టెల కోసం వారానికి రెండుసార్లు వచ్చేవాడు. నాకు ఆ మనిషంటే ఒళ్ళుమంట. మా ఇంట్లో సుత్తి ఎత్తినవాడు.

"అమ్మాయ్, కాస్త మాడిన రొట్టె ఇవ్వు. దొరకు మెత్తనిది, నాకు మాడింది. పళ్ళున్నప్పుడే నమలాలి."

"గూటాలు నములు," అన్నాను.

"నమిలేవాణ్ణే. అంకెలు చెక్కి ఉన్నాయి, గొంతులో గుచ్చుకుంటాయి."

అమ్మ పెదాలు బిగపట్టింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. దానికీ నాకు కోపం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం బట్టీ దగ్గరికి కట్టెలు తీసుకెళితే అమ్మ అక్కడ ఊరికే నిలబడి ఉంది. బట్టీ గుమ్మటం మీద అరచెయ్యి ఆనించి, జ్వరమొచ్చిన పశువును పట్టుకున్నట్టు పట్టుకుంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

"విప్పితే మళ్ళీ ఇలా నిలబడుతుందా అమ్మా?"

"రాళ్ళు నిలబడతాయి," అంది. "మీ నాన్న ఏ రాయి తరవాత ఏ రాయి పెట్టాడో ఎవరికి తెలుసు."

ఆ మర్నాడు ఆదివారం. నెలకోసారి గుర్రం మీద వచ్చే పాదిరీ వచ్చాడు. గాంట్ కొలిమి పాకలో ప్రార్థన. ఊరంతా వెళ్ళింది, దొర మనుషులు కూడా వెళ్ళారు. తలనొప్పని చెప్పి నేను ఇంట్లో ఉండిపోయాను. ఎండ మండిపోతోంది. కాకి కూడా కూయడం లేదు. వాళ్ళు పాట ఎత్తుకున్నాక నేను రేవు దగ్గరికి పోయి మొదటి గూటం పీకాను. పీకడం అంత తేలిక కాదు. అటూ ఇటూ ఊపి, రాయితో కొట్టి, రెండు చేతులా లాగాలి. వాళ్ళు పాటలు పాడి, ప్రసంగం విని, మళ్ళీ పాటలు పాడేలోగా రేవు నుంచి కొండ మొదలు దాకా ఉన్నవన్నీ పీకేశాను. మా నట్టింటి గూటాన్ని మాత్రం వదిలేశాను. అది పీకితే మేమే పీకామని తెలిసిపోతుందనుకున్నాను. పదిహేడేళ్ళ తెలివి అంతవరకే.

వాటిని గోనెలో చుట్టి బట్టీ పక్క కట్టెల కింద తోశాను. సోమవారం తెల్లారగట్ల బట్టీ రాజేసే పని నాదే. ముందు వాటినే పెట్టాను. మంచి గట్టి చెక్క. చక్కగా కాలింది.

తెల్లారాక అమ్మ బట్టీలోంచి నిప్పులు బయటికి లాగింది. అప్పుడే క్విల్టీ వచ్చి పక్కన నిలబడ్డాడు. లాగిన నిప్పుల్లో ఒక కొరివి బయటికి దొర్లింది. సగం కాలింది. కాలని సగం మీద ఉలితో చెక్కిన అంకె స్పష్టంగా కనపడుతోంది.

అమ్మ చూసింది. క్విల్టీ చూశాడు. ఇద్దరూ నా వంక చూడలేదు. దానితో నాకు ఇద్దరికీ తెలిసిపోయిందని అర్థమైంది.

క్విల్టీ చెప్పు కొనతో ఆ కొరివిని మెల్లగా నిప్పుల్లోకి నెట్టాడు.

"ఈ పూట రొట్టె బాగా కాలుతుంది," అన్నాడు. రొట్టెల కోసం ఆగకుండానే వెళ్ళిపోయాడు.

అమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. రొట్టెలు లోపల పెట్టి, మూత మూసి, అంచుకు మట్టి మెత్తి, తలకు గుడ్డ చుట్టుకుని ఎక్కడికో వెళ్ళింది. రొట్టెలు కాలే వేళకు తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్ళావని నేను అడగలేదు.

మంగళవారం గాంట్ పెళ్ళాం ప్రూడెన్స్ పిండి జల్లెడ అడిగే నెపంతో వచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఏదో ఒక నెపంతోనే వచ్చేది.

"విన్నావా హెస్టర్? ఆ ఐరిష్ వాడు చిక్కాడు. ఆదివారం గూటాలకు కాపలా వాడిదేనట. వీడు పాకలో కూర్చుని పాటలు పాడాడట. రేపు కానిస్టేబులు వెంట మేజిస్ట్రేటు దగ్గరికి పంపుతున్నారు. సర్కారు గుర్తులు పోగొట్టినందుకు టికెట్టు లాగేసి, కాళ్ళకు సంకెళ్ళు వేసి రోడ్డు పనిలోకి తోలతారు."

"వాడేమంటాడు?" అంది అమ్మ.

"ఏమీ అనడు. ఎద్దులు తొక్కేసి ఉంటాయన్నాడట. పదకొండు గూటాలు వరసపెట్టి తొక్కే ఎద్దు ఎక్కడిదే తల్లీ?"

ప్రూడెన్స్ జల్లెడ తీసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయింది. అమ్మ చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో పిండి పోయేదాకా కడుక్కుంది. ఉతికిన టోపీ పెట్టుకుని, తాడు గడ్డం కింద ముడేసుకుంది.

"అమ్మా, నేనొస్తాను. నేనే చెబుతాను."

"నువ్వు ఈ దేశంలో స్వేచ్ఛగా పుట్టావు. నీ పేరు ఇంతవరకు ఏ సర్కారు కాగితంలోనూ ఎక్కలేదు," అంది. "రా. కానీ నోరు విప్పావంటే మళ్ళీ నన్ను అమ్మా అనొద్దు."

దొర డేరా వాగు ఒడ్డున ఉండేది. మడతబల్ల మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి గీస్తున్నాడు. క్విల్టీ డేరా బయట పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కట్టెయ్యలేదు. ఎక్కడికి పారిపోతాడు? మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"దొరగారూ, ఆ గూటాలు పీకింది నేను," అంది అమ్మ. "అతనికేం సంబంధం లేదు."

దొర కలం కింద పెట్టాడు. "నువ్వా?"

"నేనే. నన్ను కదపలేరని మీతో అన్నాను కదా. ఊరంతా విన్నారు."

"ఎన్ని పీకావు?"

"తొమ్మిది."

"పదకొండు."

"లెక్కలు రావండి నాకు."

"వారానికి ఎన్ని రొట్టెలు కాలుస్తావు?"

"నూట పన్నెండు."

"లెక్కలు బాగానే వచ్చు," అన్నాడు దొర. అని, అమ్మ భుజం మీదుగా నా వంక చూశాడు.

నా అరచేతులు గూటాలు లాగి బొబ్బలెక్కి ఉన్నాయి. వాటిని పావడాలో దాచుకోవాలని ఆలస్యంగా తోచింది. ఆయన వాటిని చూశాడు. తరవాత వాగు వైపు చూశాడు. అమ్మ వీపు మీద చెమట మరక కాస్త కాస్త పెద్దదవడం చూస్తూ నిలబడ్డాను.

"ఆ గూటాలు ఇప్పుడెక్కడున్నాయి?" అన్నాడు చివరికి.

"బట్టీలో కాలిపోయాయండి."

దొర తన పుస్తకం దగ్గరికి లాక్కుని, కలం ముంచి, రాస్తూ పైకి చదివాడు. "రేవు నుంచి కొండ మొదలు వరకు గూటాలు పదకొండు. నిప్పుకు కాలిపోయినవి." తడి సిరా మీద ఇసుక చల్లి ఆరబెట్టాడు. "వేసవి కదా. నిప్పు మామూలే. మళ్ళీ పదకొండు చెక్కాలి. ఎవరు చెక్కుతారు?"

"నేను," అన్నాను. నా నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే. అమ్మ వెనక్కి తిరగలేదు.

"సరే. క్విల్టీ, ఆ అమ్మాయికి గొడ్డలి ఇవ్వు."

ఇక వెళ్ళిపోతామనుకున్నాను. అమ్మ కదల్లేదు.

"ఇల్లు తీసేస్తాం దొరగారూ," అంది. "బట్టీ కూడా. ఎక్కడికి పొమ్మంటారు?"

దొర మ్యాపును ఇటు తిప్పాడు. మూల మీది రాయి జారి పడితే తీసి పక్కన పెట్టాడు.

"మిసెస్ క్రాడాక్," అన్నాడు. "మీకు ఎక్కడ కావాలి?"

అమ్మకు అర్థం కాలేదు. "మీరు ఎక్కడంటే అక్కడేనండి."

"నేను అడుగుతున్నది అది కాదు."

అమ్మ ఆ కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది. నల్లటి గీతలు, గళ్ళు, గళ్ళల్లో అంకెలు. ఒక వేలు దాని మీద పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"కాగితం మీద నాకేం తెలుస్తుంది," అంది. "నేల చూసి చెబుతాను."

మర్నాడు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అమ్మ జాగా వెతికింది. అలా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటి నుంచి వాగుకు, వాగు నుంచి ఇంటికి తప్ప అమ్మ ఎటూ నడిచి ఎరగదు. ఆ రోజు కొండ మొదలంతా తిరిగింది. ఒకచోట కూర్చుంది, నచ్చలేదు. ఇంకోచోట మన్ను తీసి నలిపి, నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. వేలు తడిచేసి గాలి ఎటు వీస్తుందో చూసింది. నీళ్ళ కుండ పట్టుకుని నేను వెనకాలే తిరిగాను. పొద్దు వాలుతుండగా రెండు వీధులు కలిసే మూల మీద ఆగింది. వాగు వైపు నుంచి గాలి వెనకనుంచి వస్తుంది, పక్కనే బంకమట్టి దిబ్బ, బండ్లవాళ్ళు కొండెక్కే ముందు ఎద్దులకు ఊపిరి తిప్పుకోనిచ్చే చోటు.

"ఇక్కడ," అంది.

దొర మ్యాపు తీసి చూసి ముక్కు గోక్కున్నాడు. "ఇది జైలుకు కేటాయించిన జాగా."

"అయితే వద్దులెండి."

ఆయన జేబులోంచి రబ్బరు తీసి తుడిచాడు. ఒక గడి అవతల మళ్ళీ రాశాడు.

ఇంటికొచ్చే దారిలో అమ్మ ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నాన్న పోయాక అదే మొదటిసారి. పొట్ట పట్టుకుని బాట మధ్యలో కూలబడింది.

"కెజ్జీ, విన్నావుటే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళూ జైలు కోసం నేను జరిగాను. ఇవాళ నాకోసం జైలు జరిగింది."

కోతలు ముగిసిన శనివారం ఇల్లు విప్పాం. ఊరంతా వచ్చారు. మా ఇంటి మీద ప్రేమ కాదు, రొట్టెలు ఆగిపోతాయన్న భయం అని గాంట్ అన్నాడు. బెరడు పట్టలను తల మీద పెట్టుకుని వరసగా నడుస్తుంటే తాబేళ్ళు కొండెక్కుతున్నట్టుంది. గోడ పలకలు గాంట్ బండి మీద వెళ్ళాయి. మధ్యాహ్నానికి మా ఇల్లున్న చోట నేల తప్ప ఏమీ లేదు. నట్టింటి గూటం, దాని మీద తడిగుడ్డ, చుట్టూ బయలు.

బట్టీ మాత్రం క్విల్టీ విప్పాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో రాయీ ఊడదీసే ముందు దాని మీద బొగ్గుతో అంకె వేశాడు. ఎడమ పక్కవి, కుడి పక్కవి, అడుగువి, గుమ్మటంవి విడివిడిగా గడ్డి మీద పేర్చాడు. రెండు వందల పదిహేడు రాళ్ళు. ఏ రాయి తరవాత ఏ రాయో ఎవరికి తెలుసని అమ్మ నాతో అన్న మాట ఆయన ఎప్పుడు విన్నాడో నాకు తెలియదు. గోడ సందుల్లోంచి మాట అవతలికి పోతుందిగా. నేను ఆయనకు బొగ్గు అందించాను. మూడో వరసకొచ్చేసరికి నా ఒళ్ళుమంట ఎటు పోయిందో పోయింది.

రాళ్ళు మోస్తూ, పక్కన ఎవరూ లేనప్పుడు, అమ్మను అడిగాను.

"ఎన్ని పీకావంటే సరిగ్గా చెప్పి ఉంటే సరిపోయేదిగా. తొమ్మిదనేసరికి నేనేనని ఆయనకు తెలిసిపోయింది."

అమ్మ రాయి దించి నడుం నిమురుకుంది.

"పదకొండని నాకు తెలుసు. సోమవారం పొద్దున పోయి గుంటలు లెక్కపెట్టొచ్చాను."

"మరి?"

"పదకొండంటే నేనే పీకాననుకునేవాడు. టికెట్టు మనిషి సర్కారు గూటం పీకితే ఆ దొరకు ఇంకో దారి లేదు, పంపి తీరాలి. కూతురి కోసం తల్లి అబద్ధమాడుతోందని తెలిస్తే, మనిషన్నవాడు ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. ఆ దారి తెరిచి పెట్టాను."

"ఆయన వెతక్కపోతే?"

అమ్మ ఇంకో రాయికేసి చెయ్యి చూపింది. "ఆ రాయి ఎత్తు. జాగ్రత్త, గుమ్మటానిది," అంది.

కొత్తచోట బట్టీ మళ్ళీ లేవడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి కాల్చినప్పుడు రొట్టెలన్నీ ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా వచ్చాయి. అమ్మ మాడిన పక్క క్విల్టీకి పెట్టి, పచ్చిది తను తింది. ఆయన మూడో ఏట విడుదల కాగితం పట్టుకుని కాలినడకన తిరిగొచ్చి, ఆ ఇంట్లోనే పంతొమ్మిదేళ్ళు బతికాడు. ఆ సంగతి అప్పుడు ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అమ్మకు తెలుసేమో. అడిగితే, బట్టీకి మనిషి కావాలిగా అనేది.

సర్వే వాళ్ళు బయల్దేరిన పొద్దున నేను రొట్టెల సంచి పట్టుకుని రేవు దాకా పరిగెత్తాను. దొర గుర్రం అప్పటికే నీళ్ళలో కాలు పెట్టింది.

"దొరగారూ," అన్నాను రొప్పుతూ. "ఆ గూటాలు నేను పీకాను."

ఆయన గుర్రాన్ని ఆపాడు. సంచి అందుకుని, వాసన చూసి, జీను వెనక కట్టుకున్నాడు.

"పుస్తకంలో నిప్పు అని రాశాను," అన్నాడు. "ఒకసారి రాసింది నేను మార్చను." రెండడుగులు వేశాక వెనక్కి తిరిగాడు. "నువ్వు చెక్కిన గూటాలు మావాటికంటే బాగున్నాయి."

వాళ్ళు అవతలి ఒడ్డెక్కి చెట్లలో కలిసిపోయేదాకా నిలబడ్డాను. బండి వెనక నడుస్తున్న క్విల్టీ ఒకసారి టోపీ ఎత్తాడు. అది నాకా, నా వెనక కొండ మీద పొగ వస్తున్న ఇంటికా అన్నది చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు బాట మీద కాకుండా గూటాల మధ్య నుంచి నడిచాను. అరవై ఆరు అడుగుల వెడల్పు. అందులో ఒక్క ఇల్లు లేదు, ఒక్క బండి లేదు. మోకాళ్ళ దాకా ఎండుగడ్డి, మధ్యలో మా పాత నేల నల్లగా, నున్నగా. ఊళ్ళో మొదటి వీధిలో మొట్టమొదట నడిచిన మనిషిని నేనేనని పెళ్ళయ్యాక నా పిల్లలకు, వాళ్ళ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

కానీ ఆ పొద్దున చూసింది ఇంకొకటి ఉంది. చాలా ఏళ్ళ దాకా దాన్ని తలుచుకోలేదు. సగం దూరం వచ్చాక, గూటాల గీతను ఏటవాలుగా కోసుకుంటూ సన్నటి కాలిబాట ఒకటి వాగు వైపు పోతోంది. ఉత్త కాళ్ళతో తొక్కీ తొక్కీ గడ్డి మొలవని బాట. నాన్ చేపలు పట్టుకుని మా ఇంటికొచ్చే దారి అది. ఆవిడ తల్లి, ఆ తల్లి తల్లి నీళ్ళకు పోయిన దారి కూడా అదే అయుంటుంది. వాళ్ళ గుడిసెల మధ్య కూడా గూటాలు దిగాయి. ఎక్కడ కావాలని అమ్మను అడిగారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ శీతాకాలానికి వాగు అవతల గుడిసెలు లేవు. అమ్మ నెలరోజుల పాటు వాళ్ళ రొట్టె విడిగా తీసి పెట్టింది, తరవాత మానేసింది.

వసంతం వచ్చేసరికి ఆ బాట మీద గడ్డి మొలిచింది. పచ్చగా, వీధి పొడుగునా ఉన్న గడ్డికంటే కాస్త లేతగా, ఒక ఏడాది పాటు అది ఎటు పోయేదో తెలుస్తూ ఉండేది.